రాజీనామా కాయిదం

జోల్వా, సూరత్ దగ్గర
9 జూలై 2023

ముత్యం బావకు నమస్కారం.

నీ కార్డు అందింది. ఫోన్ల నా మాట నీకు వినపడదు, ఒర్రి ఒర్రి నా గొంతు పోతది. గిట్ల రాసుకునుడే మంచిగుంది. అక్కతోని చెప్పియ్యొచ్చు గని, ఆమె సగం చెప్పి సగం ఏడుస్తది.

మా కారఖానాల బట్ట నేసే మగ్గాలన్నీ నీళ్ల సాంచాలే. నువ్వు సూరత్‌ల నడిపిన కాలంల దారాన్ని మోసే నాడె కొట్టుకుంటుండె. గిప్పుడు దారాన్ని నీళ్ల ధారే గుంజుకపోతది. పన్నెండు గంటలు కాళ్లు తడిలనే. ఆ తడిలనే కరంటు డబ్బాలు. సాంచాలకు ఎర్తు తీగ లేదు. చెయ్యి పెడితే చురుక్కుమంటది, అందరికి అలవాటైపోయింది.

పోయిన నెల ఇరవై తారీఖు రాజమల్లును కరంటు కొట్టింది. ముస్తాబాద్ దిక్కు మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. సాంచ ఆపుదామని బటన్ మీద చెయ్యి పెట్టిండు, ఎగిరి గోడకు పడ్డడు. దవాఖానల కుడి చేతి రెండు వేళ్లు తీసేసిన్రు. తాగి వచ్చిండని శేఠ్ అందరితోని చెప్పిండు. రాజమల్లు చాయ తప్ప ఏం తాగడు బావా, నా కిందనే పని చేసిండు, ఐదేండ్లు చూసిన.

ఆయన సామాను సదురుకొని ఊరికి పోయినంక నాకు పనిల మనసు నిల్వలే. ఎర్తు తీగ వేయించాలె, రాజమల్లుకు దవాఖాన ఖర్చు ఇయ్యాలె అని హిందీల ఒక అర్జీ రాసిన. పదకొండు మందిమి సంతకాలు పెట్టినం. శేఠ్ తీసుకొని సొరుగుల ఏసుకున్నడు. వారం చూసి, ఇంకో కాపీ కారఖానాల ఇన్స్పెక్టర్ ఆఫీసుల ఇచ్చి ముద్ర కొట్టించుకొని వచ్చిన.

పదకొండో సంతకం మన సాయికుమార్‌ది. వద్దురా అన్న. రాజమల్లును ఆటోల ఎక్కిచ్చింది నేనే కద మామా, అన్నడు. నీ కొడుకు మంచోడు బావా.

అక్కను అడిగిన్నని చెప్పు.

నరహరి

⁂

సిరిసిల్ల
20 జూలై 2023

బామ్మర్ది నరహరికి,

నీ ఉత్తరం రెండు సార్లు చదివిన.

నువ్వు చేసింది తప్పు అని అంటలేను. నువ్వు పదో తరగతి చదివినోనివి, గుజరాతి గూడ చదువుతవు. నీకు చెప్పేటంత వాణ్ని కాదు. అయినా ఒక్క మాట. ఇరవై నాలుగు సాంచాలకు నువ్వు మాస్టరువు. పన్నెండేండ్ల నుంచి ఒక్క కాడనే ఉన్నవు. ఒక్కసారి బయట పడితే ఆ లైన్ల ఎవ్వడు గేటు తెరవడు. పేరు చెప్పంగనే ఫోన్లు పోతయి.

సాయి పేరు ఆ అర్జీల నుంచి తీసేయి. వానికి ఇరవై నాలుగేండ్లు. సంబంధం మాట్లాడుతున్నం. నీ సంతకం నీ ఇష్టం, వానిది మాత్రం తీసేయి.

మీ అక్క బీడీల గంప ముందట పెట్టుకొని కూసున్నది, నీకు దీవెనలు చెప్పుమన్నది. నా కండెలు చుట్టుడు నడుస్తనే ఉంది.

ముత్యం

⁂

జోల్వా
18 ఆగస్టు 2023

బావకు,

నన్ను పనిలకెల్లి తీసేసిన్రు.

మొదటి వారంల ఇన్స్పెక్టర్ వచ్చిండు. సాంచాల మధ్య తిరిగిండు, ఏదో రాసుకున్నడు, పోయిండు. పదకొండో తారీఖు మేనేజర్ నన్ను ఆఫీసుకు పిలిచి కూసోమన్నడు. పన్నెండేండ్లల్ల ఎన్నడు కూసోమనలే. ఒక కాయిదం ముందట పెట్టి, నీ తబియత్ మంచిగ లేదట కద, ఊరికి పోతనన్నవట కద, గీడ సంతకం పెట్టు అన్నడు. నేను గుజరాతి చదువుతనని ఆయనకు ఎరుక లేదనుకుంట. ‘నా ఇష్టంతోనే పని మానుకుంటున్న, నాకు ఏ శికాయతు, ఫిర్యాదు లేదు’ అని రాసి ఉంది.

నేను అడిగిన: "సార్, నేను మానుకుంటున్ననా, మీరు తీసేస్తున్నరా?"

"రెండూ ఒకటే," అన్నడు.

"ఒకటే అయితే తీసేస్తున్నమని మీరే రాసియ్యున్రి."

సంతకం పెట్టకుంట లేచి వచ్చిన. తెల్లారి వాచ్‌మన్ గేటు తియ్యలే. రోజూ నాతోని చాయ తాగే మనిషి, నా మొఖం చూడకుంట చెప్పిండు. నా బోల్టులు తిప్పే పానాలు, చెప్పులు లోపలనే ఉండిపోయినయి.

అర్జీల సంతకాలు పెట్టినోళ్లను ఒక్కొక్కరిని పిలిచిన్రట. ఏం రాసుందో మాకు ఎరుకలేదు, నరహరి పెట్టుమంటే పెట్టినం అని తొమ్మిది మంది చెప్పిన్రట. వాళ్ల మీద నాకు కోపం లేదు. అందరికి కిరాయి ఇండ్లు, పిల్లల బడులు ఉన్నయి. మా రూము గూడ శేఠ్ వాళ్లదే కద, నెలాఖరుకు ఖాళీ చెయ్యుమన్నరు.

ఇంట్ల విజయశ్రీ ఏమంటలేదు. ఆ ఏమనకపోవుడే నాకు బరువుగుంది. ఏమంటదో అని ముందుగాల అందరికంటె ఆమెకే భయపడ్డ. విని, అన్నం తింటరా అన్నది. పొద్దుగాల టిఫిన్ డబ్బా కడిగి, నింపకుంట గూట్ల పెట్టింది.

నరహరి

⁂

సిరిసిల్ల
30 ఆగస్టు 2023

బామ్మర్దికి,

నీ ఉత్తరం చదివిన. మీ అక్కకు ఇంకా చెప్పలే.

ఇప్పటికైనా నా మాట విను. వాళ్లు అడిగిన కాడ సంతకం పెట్టి, రావాల్సింది తీసుకొని వేరే కాడికి పో. కామ్‌రేజ్ దిక్కు కొత్త కారఖానాలు పడుతున్నయట కద. పెద్దోళ్లతోని మనకు ఎందుకు. కోర్టుల చుట్టు తిరిగి చెప్పులు అరిగినోళ్లనే చూసిన, గెల్చినోణ్ని చూడలే.

విజయశ్రీని ధైర్యంగ ఉండుమను.

ముత్యం

⁂

కామ్‌రేజ్
5 నవంబర్ 2023

బావకు,

రెండు నెలలైంది రాసి. కామ్‌రేజ్‌ల హైవే పక్కన రూము దొరికింది. ఒక గోదాంల చీరల మూటలు ఎక్కిచ్చే పని చేస్తున్న. సాంచాల కారఖానాలు నాలుగింటిల అడిగిన. మాస్టరు కావాలె అని బోర్డు పెట్టినోళ్లే, నా పేరు చెప్పంగనే నిండిపోయింది అన్నరు. నువ్వు చెప్పినట్టే అయింది.

సంతకం మాత్రం పెట్టలే. కార్మికుల సంఘం ఆఫీసుల దక్షాబెన్ అని ఒక వకీలమ్మ ఉన్నది. యాభై ఏండ్లు దాటినయి, స్కూటర్ మీద తిరుగుతది. నా హాజరీ కార్డులు, పగార్ పడ్డ బ్యాంకు బుక్కు, ముద్ర కొట్టిన అర్జీ కాపీ అన్నీ చూసింది. అపాయింట్‌మెంట్ కాయిదం ఏది అన్నది. గసొంటిది ఎన్నడు ఇయ్యలే అన్న. ఎవ్వరికియ్యరు, అని రాసుకున్నది.

శికాయతు చేసినందుకు మనిషిని తీసేసుడు చెల్లదట బావా. నోటీసు ఇయ్యాలె, తప్పు ఉంటే విచారణ చెయ్యాలె. సంఘం లేకున్నా ఒక్క మనిషి గూడ లేబర్ ఆఫీసుకు పోవచ్చట. ఆడ నలభై ఐదు రోజులల్ల రాజీ కాకపోతే సీదా లేబర్ కోర్టుకే పోవచ్చట. ఇన్నేండ్లు గిది నాకు ఎరుకనే లేదు. అయితే దక్షాబెన్ ఇంకో మాట గూడ చెప్పింది: "వాళ్లు నిన్ను తీసేసినం అంటలేరు. నువ్వే పోయినవు అంటున్నరు. లడాయి అంత ఆ ఒక్క మాట మీదనే."

లేబర్ ఆఫీసుకు మూడు సార్లు పోయినం. రెండు సార్లు కంపెనీ నుంచి ఎవ్వరు రాలే. మూడోసారి మేనేజర్ వచ్చి ఒక కాయిదం ఇచ్చిండు. నరహరి నాతోని స్వయంగ చెప్పిండు, పని ఇడిచిపెట్టి పోతున్న అన్నడు, అని మా కారఖానాల పనిచేసే మనిషి రాసిచ్చిన కాయిదం. దాని కింద సంతకం. ఎవరిదో చూడంగనే గుర్తుపట్టిన. మన తెలుగాయనే. పేరు రాసి నీకు బాధ పెట్టను. వాని కష్టం వానికుంటది.

సాయి మంచిగున్నడు. పని ఎక్కువుంది గావొచ్చు, మా దిక్కు వస్తలేడు.

నరహరి

⁂

సిరిసిల్ల
12 డిసెంబర్ 2023

నరహరికి,

పేరు రాయలే నువ్వు. నేను రాస్త. ఆ సంతకం నా కొడుకుది.

ఎట్ల ఎరుకైందంటవా. వాడు మాస్టరు అయిండని, పగార్ పెరిగిందని మీ అక్కకు ఫోన్ చేసిండు. ఆమె సంతోషపడి నాకు సైగ చేసి చెప్పింది. మాస్టరు జాగ ఎవరిదో నాకు ఎరుకే కద. గని ఎరుకైంది గప్పుడు కాదు. నాకు ముందే ఎరుక.

పెట్టుమన్నది నేనే.

జూలైల నీ ఉత్తరం చదివినంక వానికి ఫోన్ చేసిన. నేను ఫోన్ల మాట్లాడగలుగుత, వినలేను. శేఠ్ ఏ కాయిదం ముందట పెడితే దాని మీద సంతకం పెట్టు, మీ మామ ఏం చెప్పినా వినకు, పెట్టకపోతే నేను సచ్చినంత ఒట్టు అని చెప్పిన. వాడు ఏమన్నడో నాకు వినపడలే. చెప్పి పెట్టేసిన. ఆ కాయిదం నీ మీదికే వస్తదని అనుకోలే. అనుకున్నా అట్లనే చెప్తుంటినేమో, అబద్ధం ఎందుకు.

ఇంకోటి గూడ ఉంది. పదిహేడేండ్ల నుంచి ఎవ్వరికి చెప్పలే, మీ అక్కకు గూడ. చెవులు పోయినయి, గందుకే సూరత్ ఇడిచి వచ్చిన అని అందరికి చెప్పిన కద. నేను ఇడువలే. చెవులల్ల ఎప్పుడు గుయ్యిమంటుంటే, పత్తి పెట్టుకున్నా ఆగకుంటే, జర దవాఖానకు చూపియ్యున్రి, సాంచాల దిక్కు గాకుంట వేరే పనిల ఏయున్రి అని శేఠ్‌ను అడిగిన. ఒకసారి కాదు, మూడు సార్లు అడిగిన. నాలుగోసారి ఒక కాయిదం పెట్టిండు. నా ఇష్టంతోని మానుకుంటున్నట్టు. నేను సంతకం పెట్టిన. చదువరాక కాదు, భయపడి పెట్టిన. తర్వాత తొమ్మిది నెలలు ఏ కారఖానాల పని దొరకలే. ఆ తొమ్మిది నెలలు నా పానం మీద ఇంకా ఉన్నయి నరహరీ. గందుకే నా కొడుకు చేతికి గూడ అదే కలం ఇచ్చిన.

నువ్వు పెట్టలే. నువ్వు పెట్టనందుకు సంతోషం, సిగ్గు రెండూ ఉన్నయి నాకు.

ముత్యం

⁂

కామ్‌రేజ్
7 జనవరి 2024

బావకు,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. రోజూ రాద్దామని కూసుంటున్న, లేస్తున్న.

కోపం వచ్చింది. దాచను. నన్ను తీసేసినంక నువ్వు సాయి గురించి ఒక్కసారి అడగలే. నాకు గప్పుడే అనుమానం రావాలె. నీకు బాధైతదని నేను పేరు దాచిన, నువ్వేమో అన్నీ ఎరుకై నన్ను సంతకం పెట్టుమని రాసినవు. విజయశ్రీకి చదివి వినిపించిన. ఆమె పొయ్యి కాడికి పోయి వెనుకకు తిరిగి నిలబడ్డది. ఆడికెల్లే, మీ బావ చెవుల అసలు సంగతి మీకు ఎరుకనా అని అడిగింది. లేదన్న. అందరు దాసుకునుడే ఐపాయె అన్నది.

లేబర్ ఆఫీసుల రాజీ కాలే. కోర్టుల కేసు ఏసినం.

సాయి గురించి నేనొకటి చెప్పాలె. నీ ఉత్తరం అందిన రోజే వాని రూముకు పోయిన. కొడుదామనే పోయిన. తలుపు తీసి, అడగకముందే చెప్పిండు. నువ్వు ఫోన్ పెట్టేసినంక గూడ, వద్దు బాపూ, మామకు నేను ఎదురు చెప్ప, అని అంటనే ఉన్నడట. నీకు వినపడదని ఎరుకుండి గూడ అంటనే ఉన్నడట. చేతిల పెన్ను పెట్టినప్పుడు నీ ఒట్టే యాదికొచ్చిందట. నేను కొట్టలే. మంచినీళ్లు అడిగి తాగి వచ్చిన.

నాకు శాన అలుపుగుంది బావా. మూటలు మోసినందుకు కాదు.

నరహరి

⁂

సిరిసిల్ల
25 ఫిబ్రవరి 2024

నరహరికి,

సాయిని పిలిపించిన. వారం ఛుట్టీ పెట్టి వచ్చిండు. ఎదురుంగ కూసోబెట్టుకున్న. మెల్లగ మాట్లాడితే పెదవులు చూసి సగం సమజ్ చేసుకుంట, మిగిలింది రాసి చూపియ్యుమన్న. వానికి తెలుగు రాయొస్తలేదు, హిందీల రాసిండు.

ఒట్టు వాపస్ తీసుకుంటున్న అని చెప్పిన. ఇగ నీ ఇష్టం, సాక్ష్యం చెప్పు అని గూడ అననని చెప్పిన. ఒకసారి నేను చెప్పింది చాలు.

వాడు కాయిదం మీద ఒక్కటే అడిగిండు, నిన్ను తీసేసినప్పుడు నీ తరఫున ఎవరన్న మాట్లాడిన్రా బాపూ అని. ఎవ్వరు మాట్లాడలే అన్న. కాయిదం మడిచి జేబుల పెట్టుకున్నడు. తెల్లారి రైలెక్కిండు.

మీ అక్కకు అన్నీ చెప్పేసిన. రెండు రోజులు నాతోని మాట్లాడలే. మూడో రోజు చెవులల్ల ఏసే మందు తెచ్చిచ్చింది. పదిహేడేండ్లు దాటినంక.

ముత్యం

⁂

కామ్‌రేజ్
18 ఆగస్టు 2024

బావకు,

నువ్వు ఎదురుచూస్తున్నవని ఎరుకే. కోర్టుల ఒక తారీఖుకు ఇంకో తారీఖు ఇచ్చుడే నడిచింది. ఒకసారి జడ్జి సార్ సెలవు, ఒకసారి వాళ్ల వకీలుకు జ్వరం. పోయిన ప్రతిసారి గోదాంల ఒక రోజు కూలి పోతది. మధ్యల రెండు సార్లు ఇడిసిపెడదామనుకున్న. దక్షాబెన్ వచ్చే తారీఖు డైరీల రాసుకొని స్కూటర్ ఎక్కింది. ఆమెను చూసి మళ్ల పోయిన.

మొన్న ఆరో తారీఖు కంపెనీ తరఫున సాయిని సాక్షిగ తెచ్చిన్రు. తెల్లంగి తొడిగిచ్చి తెచ్చిన్రు. నా దిక్కు చూడలే. వాళ్ల వకీలు కాయిదం చూపిచ్చి, గీ సంతకం నీదేనా అని అడిగిండు.

"సంతకం నాదే," అన్నడు. "మాట నాది కాదు."

జడ్జి సారే అడిగిండు, అయితే ఏం జరిగిందో చెప్పుమన్నడు. సాయి గుజరాతిలనే చెప్పిండు, మెల్లగ, నీతోని మాట్లాడినట్టు మాట్లాడిండు. మామ పని ఇడువలే, గేటు తియ్యలే, రాజమల్లు తాగలే, కాయిదం ఆఫీసులనే టైపు చేసి ఉండె, నేను భయపడి పెట్టిన. నీ పేరు తియ్యలే వాడు. భయపడింది నేనే అని చెప్పిండు.

తెల్లారే వాణ్ని తీసేసిన్రు. అదే గేటు, అదే వాచ్‌మన్.

నిన్న కంపెనీ వాళ్లు దక్షాబెన్ కాడికి రాజీ మాట పంపిన్రు. నన్ను పాత పనిలనే, పాత సర్వీసుతోని తీసుకుంటరట, పోయిన పగార్ల సగం ఇస్తరట. సాయి మాట మాత్రం ఎత్తొద్దట. వాడు వేరే, కేసు వేరే అంటున్నరు. సాక్ష్యం చెప్పినందుకు తీసేసుడు వాళ్ల మీదికే వస్తదని దక్షాబెన్ అన్నది, గని దానికి మళ్ల మొదటి నుంచి నడువాలె. పది రోజులల్ల జవాబు చెప్పాలె.

ఒక సంగతి. అన్ని సాంచాలకు ఎర్తు తీగలు ఏసిన్రట. ఇన్స్పెక్టర్ రెండోసారి వచ్చినంక ఏసిన్రట. చురుక్కుమనుడు లేదని లోపలోళ్లు చెప్పిన్రు. విని సంతోషపడ్డ. తర్వాత అర్ధగంట మూట మీద గట్లనే కూసున్న.

నరహరి

⁂

సిరిసిల్ల
24 ఆగస్టు 2024

నరహరికి,

స్పీడు పోస్టుల ఏస్తున్న, పది రోజులల్ల అందాలె.

సంతకం పెట్టు. రాజీకి ఒప్పుకో. ఇది భయంతోని చెప్తలేను. ఏడాది మూటలు మోసినవు, విజయశ్రీ టిఫిన్ డబ్బా నింపుకోనియ్యి. సాయి పని పోతే పోయింది. వాడు మొన్న ఫోన్ల మీ అక్కతోని నవ్వుకుంట మాట్లాడిండట. మాస్టరు అయిన ఏడాదిల వాడు నవ్వలే.

నా కొడుకును ఇడిసిపెట్టి నువ్వు లోపలికి పోతే నేనేం అనుకోను. నాకు అనుకునే హక్కు లేదు.

ముత్యం

⁂

జోల్వా
1 డిసెంబర్ 2024

బావకు,

నీ ఉత్తరం గడువు లోపలనే అందింది. అయినా సంతకం పెట్టలే.

పెద్ద మనసుతోని అనుకోకు. ఆ రాజీ కాయిదం ముందట పెట్టుకున్న, పెన్ను తీసిన. విజయశ్రీ పక్కనే కూసున్నది. ఏం చెయ్యాలె అని అడిగిన. ఆమె చెప్పింది, మీరు అర్జీ రాసినప్పుడు రాజమల్లు కోసం మీ తరఫున పదిమంది సంతకం పెట్టిన్రు, ఆఖరుకు నిలబడ్డోడు ఒక్కడే, వాని పేరు లేని కాయిదం మనకెందుకు అని. ఏడాది నుంచి ఆమె ఏమంటదో అని నేను భయపడుతున్న. ఆమె అనుకుంటున్నది గిది.

పది రోజులు దాటినయి. సెప్టెంబర్ పోయింది. దక్షాబెన్ సాయి తరఫున వేరే అర్జీ ఏసింది. దసరా దాటినంక వాళ్ల వకీలే ఫోన్ చేసిండు. రెండో కేసు గూడ ఎందుకని శేఠ్‌కు ఎవరో చెప్పిన్రట. ఇద్దరి పేర్లు రాసిన కాయిదం వచ్చింది. నా పోయిన పగార్ల ఇస్తమన్న సగాన్ని గూడ సగం చేసిన్రు. సాయి మాస్టరు కాదు, మళ్ల సాంచ మీదనే. అపాయింట్‌మెంట్ కాయిదాలు మాత్రం ఇద్దరికి ఇయ్యాలె అని దక్షాబెన్ పట్టుబట్టింది. కోర్టుల, జడ్జి సారు ముందట సంతకాలు పెట్టినం. పెట్టేముందు సాయి ప్రతి లైను వేలు పెట్టుకుంట చదివిండు.

రాజమల్లుకు ఏం రాలే. ఆయన కేసు వేరే ఎయ్యాలె అన్నరు. పోయిన వారం ఆయనకు ఫోన్ చేసిన, ఎడమ చేతితోని సంతకం నేర్చుకుంటున్న అన్నడు.

పోయిన సోమవారం నుంచి పనిల చేరినం. గెలిచినట్టేం లేదు బావా. లోపలోళ్లు నాతోని మాట్లాడుటానికి మేనేజర్ దిక్కు చూసి మాట్లాడుతున్నరు. నన్ను పాతగైన షెడ్డుకు మార్చిన్రు. సాయికి, నాకు కావాలనే వేరే వేరే పాళీలు ఏసిన్రు, వానిది రాత్రి, నాది పగలు. పొద్దుగాల ఏడు గంటలకు వాడు బయటికి వస్తడు, నేను లోపలికి పోత. గేటు కాడ రెండు నిమిషాలు నిలబడతం. వాని కండ్లు ఎర్రగ ఉంటయి, నావి గూడ మంచిగ తెరుచుకోవు. వాడు నా భుజం మీద చెయ్యి ఏసి, పోత మామా అంటడు. నేను పో బిడ్డా అంట. తర్వాత లోపలికి పోయి సాంచ మీద చెయ్యి పెడుత, చురుక్కుమనదు.

నరహరి